అందం కాపాడిన ఊరు

ఒక వస్తువు అందంగా ఉన్నప్పుడు దానిని కాపాడటం ధర్మమే. అయితే అందంగా ఉన్నందువల్లనే దానిని కాపాడటం ధర్మమా? ఈ రెండు మాటల మధ్య తేడా చూడటానికి చాలా చిన్నది. దాని పర్యవసానం మాత్రం మనుషుల ప్రాణాల దాకా పోతుంది. ఈ ప్రశ్నకు సమాధానాన్ని మనం గ్రంథాలలో వెదకవచ్చు. జర్మనీ దేశంలోని ఒక చిన్న ఊరి గోడల వెంట నడుస్తూ కూడా వెదకవచ్చు.

మన ఆలయ కుటుంబాలలో వేసవి సెలవులకు ఐరోపా యాత్ర చేసివచ్చేవారు చాలామందే ఉన్నారు. వారి ప్రయాణ పట్టికలలో తరచుగా కనిపించే పేర్లలో రోథెన్‌బర్గ్ ఒకటి. బవేరియా రాష్ట్రంలో, టౌబర్ నది లోయకు ఎగువన, కొండ అంచున నిలిచిన ఊరు అది. 1274లో ఆ ఊరికి చక్రవర్తికి తప్ప మరే ప్రభువుకూ లోబడనక్కరలేని స్వతంత్ర నగరమనే హోదా లభించింది. కొన్ని తరాలపాటు అది సంపన్న నగరంగా వెలిగింది. 1618 నుండి 1648 వరకు సాగిన ముప్ఫై సంవత్సరాల యుద్ధం ఆ వైభవాన్ని హరించింది. తరువాతి కాలంలో కొత్త భవనాలు కట్టుకునే స్థోమత లేక, ఉన్న ఇళ్ళనే బాగుచేసుకుంటూ ప్రజలు కాలం గడిపారు. అందుచేత పాత ఊరు పాతగానే మిగిలిపోయింది. 19వ శతాబ్దంలో చిత్రకారులు వచ్చి చూసేసరికి, ఇతర నగరాలు పోగొట్టుకున్న రూపం ఇక్కడ చెక్కుచెదరకుండా కనిపించింది. ఒక విధంగా పేదరికమే ఆ అందానికి కాపలా కాసింది.

ఈనాడు అక్కడికి వెళ్ళిన యాత్రికులు ముందుగా చూసేది గోడను. మన భాషలో కోట చుట్టూ ఉన్న గోడను ప్రాకారమంటాము, దానిపై ముందుకు పొడుచుకువచ్చిన కావలి కట్టడాన్ని బురుజు అంటాము. రోథెన్‌బర్గ్‌లో ఈ రెండూ ఉన్నాయి. ప్రాకారం లోపలి వైపున పైకప్పు వేసిన నడవ ఉంది. మెట్లెక్కి దాని వెంట సుమారు రెండున్నర కిలోమీటర్లు నడవవచ్చు. పడమటి దిక్కున ఉన్న ద్వారపు పెద్ద తలుపులో ఒక మనిషి మాత్రమే వంగి దూరగల చిన్న తలుపు ఉంది. దీనిని మనవాళ్ళు దిడ్డి అంటారు. చీకటి పడ్డాక పెద్ద తలుపు తీయకుండా, ఆలస్యంగా వచ్చినవారిని ఒక్కొక్కరినిగా లోనికి రానిచ్చేందుకు చేసిన ఏర్పాటు అది. గోడ పని అడ్డుకోవటం మాత్రమే కాదు, ఎవరిని రానివ్వాలో తేల్చటం కూడానని ఆ దిడ్డిని చూస్తే పిల్లలకు సైతం బోధపడుతుంది.

ఆ ఊరివారు తమ ఊరు ఎలా దక్కిందో చెప్పుకునే కథ ఒకటి ఉంది. 1631లో టిలీ అనే సేనాపతి ఊరిని జయించి, నగర పెద్దలకు మరణశిక్ష విధించి, ఊరిని ధ్వంసం చేయటానికి సిద్ధపడ్డాడట. అతని ముందు మూడుంబావు లీటర్ల ద్రాక్షసారాయి పట్టే పెద్ద పాత్రను ఉంచారట. దీనిని ఒక్క గుక్కలో తాగగలవాడు మీలో ఉంటే ఊరిని వదిలిపెడతానని అతను వేడుకగా అన్నాడట. నూష్ అనే మాజీ నగరాధ్యక్షుడు ముందుకు వచ్చి తాగేశాడట. 1881లో దీనిని నాటకంగా ప్రదర్శించారు. నేటికీ ఏటా వసంతకాలపు ఉత్సవంలో ప్రదర్శిస్తున్నారు. నగర కూడలిలోని గడియారం కిటికీలు తెరుచుకుని నిర్ణీత వేళలలో ఈ ఘట్టాన్ని బొమ్మలతో చూపిస్తుంది. యాత్రికులు తలలెత్తి చూసి నవ్వుకుంటారు. చరిత్రకారులు దీనిని కట్టుకథగానే పరిగణిస్తారు. అయినా కథలోని భావం గమనింపదగినది. ఊరి ప్రజల ప్రాణాలు ఒక బలవంతుని క్షణకాలపు మనోభావం మీద ఆధారపడ్డాయి. అతనికి ముచ్చట కలిగింది, దయ కలిగింది. ముచ్చట కలగకపోయి ఉంటే?

ఈ కథకు మూడు వందల సంవత్సరాల తరువాత నిజంగానే అటువంటి ఘట్టం జరిగింది. 1945 మార్చి 31న అమెరికన్ విమానాలు రోథెన్‌బర్గ్‌పై బాంబులు కురిపించాయి. దాదాపు 40 మంది మరణించారు. 300కు పైగా ఇళ్ళు, 9 బురుజులు, 600 మీటర్లకు పైగా ప్రాకారం నాశనమయ్యాయి. ఊరి తూర్పు భాగం చాలావరకు కూలిపోయింది. కొన్ని రోజులకు అమెరికన్ పదాతిదళం ఊరిని సమీపించింది. ఫిరంగులు మోహరిస్తే మిగిలిన భాగం కూడా నేలమట్టమై ఉండేది. ఆ సమయంలో అమెరికా యుద్ధ శాఖలో సహాయ కార్యదర్శిగా ఉన్న జాన్ జె. మెక్‌క్లాయ్, ఈ ఊరిపై ఫిరంగులు ప్రయోగించవద్దని జనరల్ జేకబ్ డెవర్స్‌ను కోరాడు. సైనికులు కొందరు రాయబారులుగా ఊరిలోకి వెళ్ళారు. చివరి మనిషి వరకు పోరాడాలన్న హిట్లర్ ఆజ్ఞను పక్కనపెట్టి జర్మన్ అధికారి ఊరిని అప్పగించటానికి అంగీకరించాడు. ఏప్రిల్ 17న రోథెన్‌బర్గ్ పోరు లేకుండా లొంగిపోయింది.

మెక్‌క్లాయ్‌కి ఆ ఊరంటే అంత ఆదరం ఎందుకు? ఆయన తల్లి పూర్వం ఆ ఊరిని చూసివచ్చిందని, ఆ ఊరి చిత్రం ఒకటి వారి ఇంట్లో ఉండేదని, ఆమె చెప్పిన ముచ్చట్లు వింటూ ఆయన పెరిగాడని చెబుతారు. యుద్ధానంతరం ఆ ఊరు ఆయనను గౌరవ బిరుదుతో సత్కరించింది. యాత్రికులకు మార్గదర్శకులు చెప్పే కథ ఇక్కడితో ముగుస్తుంది. ఒక తల్లి జ్ఞాపకం ఒక ఊరిని కాపాడింది అనుకుంటూ అందరూ తృప్తిగా ముందుకు సాగుతారు. మనం మాత్రం ఇక్కడే కాసేపు ఆగవలసి ఉంది.

ఎందుకంటే అదే మెక్‌క్లాయ్ చేతి సంతకంతో మరికొన్ని పత్రాలు కూడా ఉన్నాయి. 1944లో యూదు సంఘాల ప్రతినిధులు అమెరికా ప్రభుత్వానికి ఒక విన్నపం చేశారు. ఆష్విట్జ్ మరణ శిబిరానికి మనుషులను చేరవేసే రైలు మార్గాలపై, అక్కడి విషవాయు గదులపై బాంబులు వేయమని కోరారు. ఆ శిబిరంలో మొత్తం మీద సుమారు 11 లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ విన్నపాన్ని నిరాకరిస్తూ ఆ సంవత్సరం ఆగస్టులో వెళ్ళిన జవాబుపై సంతకం చేసినది మెక్‌క్లాయే. నిర్ణయాత్మకమైన యుద్ధ రంగాల నుండి విమాన బలాన్ని మళ్ళించవలసి వస్తుందని, ఫలితం కూడా సందేహమేనని అందులో కారణం చూపారు. దానికి రెండేళ్ళ ముందు, 1942లో, మనం నివసిస్తున్న ఈ దేశంలోనే పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్ళు విడిపించి నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో అధిక సంఖ్యాకులు అమెరికా పౌరులే. ఆ విధానాన్ని ముందుండి నడిపించిన అధికారులలో కూడా మెక్‌క్లాయ్ ఒకడు.

ఈ మాటలు ఒక వ్యక్తిని దోషిగా నిలబెట్టటానికి చెప్పటం లేదు. ఆ రైలు మార్గాలను కూల్చి ఉంటే ఎందరు బ్రతికేవారన్నది చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్న విషయం. యుద్ధకాలంలో నిర్ణయాలు తీసుకోవటం ఎంత కఠినమో సురక్షితంగా కూర్చుని చదివేవారికి తెలియదు. మనకు ముఖ్యమైనది మనస్సు పనిచేసే తీరు. ఒకే మనస్సు ఒక ఊరి కోసం యుద్ధ నియమాన్ని సడలించగలిగింది. లక్షల మంది విషయంలో అదే మనస్సు నియమాన్నే ఆశ్రయించింది. ఊరి చిత్రం ఇంటి గోడ మీద ఉంది. ఆ మనుషుల చిత్రం ఎక్కడా లేదు.

ఊరు అందంగా ఉండటమే కారణమని అనుకుందామా? అదీ పూర్తిగా నిజం కాదు. రోథెన్‌బర్గ్‌కు సమీపంలోనే వర్జ్‌బర్గ్ నగరం ఉంది. రోథెన్‌బర్గ్‌లోని సెయింట్ జేమ్స్ చర్చిలో యాత్రికులు తప్పక చూసే కొయ్య శిల్పాన్ని చెక్కిన టిల్‌మన్ రీమెన్‌ష్నైడర్ నివసించింది ఆ నగరంలోనే. అదీ అందాల నగరమే. 1945 మార్చి 16 రాత్రి జరిగిన బాంబు దాడిలో అది దాదాపు పూర్తిగా దగ్ధమైంది, వేలమంది మరణించారు. కాబట్టి అందం ఒక్కటే చాలలేదు. అధికారం ఉన్నవానికి పరిచయమైన అందం కావలసివచ్చింది. రోథెన్‌బర్గ్‌ను కాపాడినది అందం అనటం కంటే మమకారం అనటం సరైనది.

మమకారమన్న మాటను మనం కొంచెం పరిశీలిద్దాం. సంస్కృతంలో 'మమ' అంటే 'నాది'. నాది అనుకోవటమే మమకారం. మన పెద్దలు ఈ మాటను రెండు విధాలుగా వాడతారు. అమ్మమ్మకు మనవల మీద ఎంత మమకారమో అన్నప్పుడు అది మెచ్చుకోలు. అహంకార మమకారాలు విడవాలి అన్నప్పుడు అదే హెచ్చరిక. ఒకే మాట ఇలా ప్రేమకూ, బంధనానికీ పేరు కావటం యాదృచ్ఛికం కాదు. నాది అనుకున్నదానిని మనిషి ప్రాణం పెట్టి కాపాడతాడు. నాది కానిదానిని చూసీ చూడనట్లు దాటిపోతాడు. ఆ కాపాడటం, ఈ దాటిపోవటం రెండూ ఒకే మూలం నుండి పుట్టినవే.

అయితే మమకారాన్ని పూర్తిగా తీసివేయాలా? అది సాధ్యం కాదు, బహుశా వాంఛనీయం కూడా కాదు. ఎవరి మీదా ప్రత్యేకమైన ప్రేమ లేనివానికి అందరి మీదా సమానమైన ప్రేమ ఉంటుందని చెప్పలేము; ఎవరి మీదా లేకపోవటమే ఎక్కువ సంభవం. రోథెన్‌బర్గ్‌లో ఆ ఏప్రిల్ నెలలో పిల్లలూ వృద్ధులూ ఉన్నారు. మెక్‌క్లాయ్ తల్లి ఆ ఊరిని ప్రేమించకపోయి ఉంటే ఆష్విట్జ్‌లో ఒక్క ప్రాణమైనా అదనంగా దక్కేది కాదు. రోథెన్‌బర్గ్‌లో మాత్రం మరికొన్ని పోయేవి. కనుక ఆ దయ తప్పు కాదు. అది అక్కడితో ఆగిపోవటమే లోపం.

భగవద్గీత ఐదవ అధ్యాయంలో జ్ఞాని లక్షణంగా సమదర్శనం చెప్పబడింది. విద్యావంతుడైన బ్రాహ్మణునిలో, ఆవులో, ఏనుగులో, కుక్కలో, సమాజం వెలివేసినవానిలో కూడా జ్ఞాని సమమైన తత్త్వాన్నే చూస్తాడని అక్కడి భావం. అక్కడ ఉన్న మాట దర్శనం. అన్నింటినీ ఒకే మోతాదులో ప్రేమించమని గీత కోరలేదు. చూడమని కోరింది. మనం గుడికి వెళ్ళినప్పుడు విగ్రహాన్ని చూశామనము, దర్శనం చేసుకున్నామంటాము. చూసే వస్తువు ఎదుటనే ఉంటే చాలదు, చూసేవాని మనస్సు కూడా అక్కడ ఉండాలన్నది ఆ మాటలోని అంతరార్థం. కనిపించినదానిని చూడటం కంటికి తెలిసిన పని. కనిపించనివారిని కూడా లెక్కలోకి తీసుకోవటం దర్శనం.

అటువంటి దర్శనం కలిగిన మనిషి ఒకప్పుడు ఈ రోథెన్‌బర్గ్‌లోనే నివసించాడు. 13వ శతాబ్దానికి చెందిన రబ్బీ మెయిర్ యూదు ధర్మశాస్త్రంలో మహాపండితుడు. దూరదేశాల వారు సైతం ఆయనకు ప్రశ్నలు పంపి తీర్పులు పొందేవారు. యూదుల మీద పన్నులూ వేధింపులూ పెరిగిన రోజులలో ఆయన కుటుంబంతో దేశం విడిచి వెళ్ళబోయి, 1286లో పట్టుబడ్డాడు. రాజు రుడాల్ఫ్ ఆయనను కోటలో బంధించాడు. పెద్ద మొత్తం చెల్లించి విడిపించుకోవటానికి యూదు సమాజం సిద్ధమైంది. ఆయన అంగీకరించలేదని సంప్రదాయం చెబుతుంది. తనకోసం అంత సొమ్ము ఇస్తే, రేపు మరొక పండితుని బంధించి మళ్ళీ సొమ్ము గుంజుతారని ఆయన భయం. 1293లో ఆయన చెరలోనే కన్నుమూశాడు. దేహాన్ని కూడా అప్పగించలేదు. 14 సంవత్సరాల తరువాత, 1307లో, ఒక ధనికుడు సొమ్ము చెల్లించి ఆ దేహాన్ని విడిపించి వోర్మ్స్ నగరంలో ఖననం చేయించాడు. తాను మరణించాక ఆ పండితుని పక్కనే చోటు దక్కాలన్నది అతని కోరిక, అది నెరవేరింది.

రబ్బీ మెయిర్ చేసిన పనిని ఆలోచించండి. తన ప్రాణం ఎదుటనే ఉంది. ఇంకా చెరబడని ఆ ఇతరుల ముఖాలు ఆయనకు తెలియవు. వారిలో కొందరు అప్పటికి పుట్టి కూడా ఉండకపోవచ్చు. అయినా వారిని లెక్కలోకి తీసుకున్నాడు. రోథెన్‌బర్గ్‌ను కాపాడిన దయ పరిచయం ఉన్నంత దూరం నడిచింది. రబ్బీ మెయిర్ దయ పరిచయమే లేనివారి దగ్గరకు నడిచింది. ఒకే ఊరి చరిత్రలో ఈ రెండు ఉదాహరణలూ ఉన్నాయి. గడియారం బొమ్మలలో మాత్రం ఈ రెండవది కనిపించదు.

ఆయన జాతివారిని ఆ ప్రాకారం ఎలా చూసిందో కూడా తెలుసుకోవటం అవసరం. 1298లో ఆ ఊరిలో వందలమంది యూదులు హత్యకు గురయ్యారు. 1520లో మిగిలినవారిని ఊరినుండి వెళ్ళగొట్టారు. 19వ శతాబ్దంలో పౌరహక్కులు లభించాక కొన్ని కుటుంబాలు తిరిగి వచ్చాయి. 1930ల నాటికి నాజీ ప్రభుత్వం రోథెన్‌బర్గ్‌ను అచ్చమైన జర్మన్ ఊరికి నమూనాగా కీర్తిస్తూ, వేలాది కార్మికులను అక్కడికి విహారయాత్రలకు పంపింది. ఆ కీర్తన సాగుతుండగానే, 1938 అక్టోబరులో చివరి యూదు కుటుంబాలను ఊరు తరిమివేసింది. అందాన్ని కాపాడుతున్నామన్న భావనే మనుషులను బయటకు నెట్టటానికి సాకు అయింది. సౌందర్యారాధన తనంతట తానుగా మనిషిని మంచివానిని చేయదని చెప్పటానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

ఇప్పుడు మళ్ళీ ప్రాకారం దగ్గరకు వద్దాం. యుద్ధంలో కూలిన భాగాన్ని పునర్నిర్మించటానికి ప్రపంచం నలుమూలల నుండి దాతలు ముందుకు వచ్చారు. ఇన్ని మీటర్ల గోడకు ఇంత అని విరాళమిచ్చినవారి పేర్లను రాతి ఫలకాలపై చెక్కి గోడలో అమర్చారు. నడవలో సాగుతూ ఉంటే అమెరికన్ పేర్లు, జపాన్ పేర్లు, జర్మన్ పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఈ దృశ్యం మనకు కొత్త కాదు. తెలుగు నాట ఆలయ స్తంభాల మీద, మెట్ల మీద దాతల పేర్లు వందల ఏళ్ళుగా చెక్కబడుతున్నాయి. ఈ దేశంలో మనం కట్టుకున్న గుళ్ళలో కూడా ఇటుకల మీద, ఫలకాల మీద మన కుటుంబాల పేర్లు ఉన్నాయి. పిల్లలు తమ తాతగారి పేరును వేలితో తడిమి చదువుకుంటారు. అది మంచిదే. ఈ గోడ నాది అని వారికి అనిపించాలి.

అయితే గుడి గోడకు కూడా లోపల, బయట అనే రెండు పక్కలు ఉన్నాయి. మన పూర్వుల ఊళ్ళలో కొన్ని కులాలవారు తరతరాలుగా ఆలయ ప్రాకారానికి అవతలే నిలబడి దండం పెట్టుకోవలసివచ్చింది. ఆ గోడలకు సున్నం కొట్టినవారిలో, ఆ గుడి మాన్యాలలో నాట్లు వేసినవారిలో వారు కూడా ఉన్నారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవాలయ ప్రవేశ చట్టం వచ్చింది. చట్టం రావలసి వచ్చిందంటేనే అంతకు ముందు సంగతి తెలుస్తున్నది. వారి పేర్లు ఏ శాసనంలోనూ కనిపించవు. సమదర్శనం బోధించిన గ్రంథాన్ని లోపల పారాయణ చేస్తుండగా, ద్వారం బయట ఇది జరిగింది. రోథెన్‌బర్గ్‌ను చూసి మనం తీర్పు చెప్పేముందు ఈ సంగతిని కూడా గుర్తుంచుకోవటం న్యాయం.

మరి యాత్ర మానుకోవాలా? మన వారసత్వాన్ని చూసి గర్వించటం మానుకోవాలా? అక్కరలేదు. చూడవలసినది తగ్గించుకోవటం కాదు, పెంచుకోవటం మార్గం. రోథెన్‌బర్గ్ వెళ్ళే కుటుంబాలు కూడలిలోని గడియారాన్ని చూడండి, ప్రాకారం మీద నడవండి, చర్చిలోని కొయ్య శిల్పాన్ని చూడండి. ఆ శిల్పంలో యేసు తన శిష్యులతో చేసిన చివరి విందు ఉంది. దాని నట్టనడుమ రీమెన్‌ష్నైడర్ నిలబెట్టినది గురువుకు ద్రోహం చేసిన జూదాస్‌ను. కథలోని చేదును ఆ శిల్పి పక్కకు నెట్టలేదు. ఆ తరువాత కాస్త నడిచి, యూదుల వీధి అని నేటికీ పేరున్న సందులోకి వెళ్ళండి. ఊరి మ్యూజియంలో యూదుల పాత శ్మశానం నుండి దొరికిన సమాధి రాళ్ళు ఉన్నాయి. వాటి ముందు కూడా కాసేపు నిలబడండి. ఇక్కడ ఎవరు ఉండేవారు, ఎందుకు లేరు అని పిల్లలు అడుగుతారు. సమాధానం చెప్పటం తేలిక కాదు. చెప్పటం మాత్రం పెద్దల బాధ్యత. ఆ ప్రశ్న అడిగిన పిల్లలే మన సొంత ఊరి గుడికి వెళ్ళినప్పుడు అదే ప్రశ్న అక్కడా అడుగుతారు. అడగనివ్వాలి.

మెక్‌క్లాయ్ తల్లి కథలో మనవంటి కుటుంబాలకు ఒక పాఠం ఉంది. ఇంట్లో ఉన్న చిత్రం, తల్లి నోటి ముచ్చట ఎంత దూరం పనిచేస్తాయో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆ తల్లి తన కుమారుడు ఒకనాడు ఆ ఊరి ప్రాణాలను చేతిలో పెట్టుకుని కూర్చుంటాడని ఊహించి ఉండదు. మన ఇళ్ళ గోడల మీద కూడా చిత్రాలు ఉన్నాయి: తిరుమల గోపురం, గోదావరి వంతెన, తాతయ్య నాయనమ్మల ఫోటో. ఇవి మన పిల్లలకు మమకారం నేర్పుతాయి, నేర్పాలి. వాటి పక్కన మరొక చిత్రానికి కూడా చోటు ఉంచుదాం. మన భాష మాట్లాడనివారిది, మన గుడికి రానివారిది, మన గోడకు అవతల ఉన్నవారిది. రేపు ఏ నిర్ణయం మన పిల్లల చేతిలో ఉంటుందో మనకు తెలియదు. ఆనాడు వారి మనస్సుకు ఎన్ని ముఖాలు పరిచయమై ఉంటాయన్నది మాత్రం ఈనాడు కొంతవరకు మన చేతిలోనే ఉంది.